ఎగిరినవాళ్లు వెళ్లిపోతున్నారు.. ఆ అమానత్ ఇప్పుడు ఎవరి చేతిలో?

2025 జనవరి నెలాఖరు. అమెరికాలోని శాన్ ఆంటోనియో నగరంలో, ఎయిర్‌ఫోర్స్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లకు ట్రైనింగ్ ఇచ్చే కేంద్రంలో ఒక పాఠం ఆగిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపిన నల్లజాతి పైలట్లు, అదే కాలంలో సైనిక విమానాలు నడిపిన మహిళా పైలట్ల గురించి వీడియోలు చూపించే పాఠం అది. వైవిధ్యం పేరుతో నడిచే కార్యక్రమాలన్నీ ఆపేయాలని కొత్త అధ్యక్షుడు ట్రంప్ ఆదేశాలివ్వడంతో, అధికారులు ఆ పాఠాన్నీ పక్కన పెట్టేశారు.

వార్త బయటికి రాగానే ముందు గొంతెత్తిన వాటిలో ఒక సంఘం ఉంది. పేరు టస్కిగీ ఎయిర్‌మెన్ ఇన్‌కార్పొరేటెడ్. ఆ పైలట్లు, వాళ్లతో కలిసి పనిచేసిన సిబ్బంది తామే పెట్టుకున్న సంఘం ఇది. ఇది ఎవరికో దయతో ఇచ్చిన పాఠం కాదు, దేశ సైనిక చరిత్రలో భాగం అని సంఘం గట్టిగా అభ్యంతరం చెప్పింది. పత్రికలు రాశాయి, సెనేటర్లు మాట్లాడారు. కొద్ది రోజుల్లోనే వీడియోలు మళ్లీ తరగతి గదికి వచ్చాయి.

చూడటానికి చిన్న సంఘటనే. కానీ అందులో ఒక విషయం ఉంది. ఆ యుద్ధంలో ఎగిరినవాళ్లలో అప్పటికి బతికున్నది అతి కొద్దిమంది. ఉన్నవాళ్లకూ దాదాపు నూరేళ్లు. వాళ్ల తరఫున మాట్లాడిన సంఘాన్ని నడుపుతున్నది ఆ యుద్ధం నాటికి పుట్టనివాళ్లు. తాను చేయని యుద్ధానికి, తాను పడని అవమానానికి, తాను గెలవని గెలుపుకు వారసులుగా నిలబడాల్సిన పని వాళ్లది. ఇలాంటి సంఘానికి నాయకత్వం తీసుకోవడమంటే నిజానికి ఏం తీసుకోవడం?

ఎవరీ టస్కిగీ వైమానికులు?

1925లో అమెరికా ఆర్మీ వార్ కాలేజీ ఒక నివేదిక తయారుచేసింది. నల్లజాతివాళ్లకు తెలివి తక్కువ, ధైర్యం తక్కువ, యుద్ధంలో బాధ్యతలు మోయలేరు అన్నది దాని సారాంశం. సైన్యం చాలా ఏళ్లు ఆ మాట పట్టుకునే నడిచింది. వాళ్లు విమానం నడపడమన్నది ఊహకే అందని విషయం అన్నట్టు ఉండేది.

నల్లజాతి పత్రికలు, సంఘాలు ఏళ్ల తరబడి ఒత్తిడి చేశాక 1941లో దారి తెరుచుకుంది. అదీ సగమే. నల్లజాతివాళ్లకు విడిగా ఒక స్క్వాడ్రన్, విడిగా ఒక శిక్షణ కేంద్రం. అలబామా రాష్ట్రంలోని టస్కిగీ దగ్గర ఆ కేంద్రం పెట్టారు. మొదటి బ్యాచ్‌లో 13 మంది చేరితే, 1942 మార్చి 7న పైలట్లుగా బయటికొచ్చింది ఐదుగురే. ఆ ఐదుగురిలో ఒకరు బెంజమిన్ డేవిస్ జూనియర్. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో ఆయన చదివిన నాలుగేళ్లూ తోటి తెల్ల క్యాడెట్లు ఆయనతో పని ఉంటే తప్ప మాట కలపలేదు. ఒకే గదిలో ఒంటరిగా ఉన్నారు, ఒంటరిగా తిన్నారు, అయినా చదువు పూర్తి చేశారు. తర్వాత యుద్ధంలో ఈ పైలట్లందరినీ నడిపించింది ఆయనే.

టస్కిగీలో యుద్ధకాలంలో 992 మంది పైలట్లు తయారయ్యారు. అందులో 355 మంది సముద్రాలు దాటి యుద్ధానికి వెళ్లారు. ముందు ఉత్తర ఆఫ్రికా, తర్వాత ఇటలీ. వాళ్ల 332వ ఫైటర్ గ్రూప్ విమానాల తోకలకు ఎర్ర రంగు వేసుకున్నారు. అందుకే రెడ్ టెయిల్స్ అన్న పేరొచ్చింది. జర్మనీ మీదికి వెళ్లే పెద్ద బాంబర్ విమానాల పక్కన కాపలాగా ఎగరడం వాళ్ల ముఖ్యమైన పని. ఆకాశంలో 112 శత్రు విమానాలను కూల్చిన లెక్క వాళ్ల పేరు మీద ఉంది.

ఇంకో మాట. టస్కిగీ వైమానికులు అంటే పైలట్లు మాత్రమే కాదు. మెకానిక్‌లు, నావిగేటర్లు, పారాచూట్‌లు మడిచినవాళ్లు, నర్సులు, వంటవాళ్లు, ఆఫీసు గుమస్తాలు.. ఒక్కో పైలట్ వెనక నేల మీద చాలామంది పనిచేశారు. వాళ్లందరినీ కలిపే ఆ పేరుతో పిలవాలన్నది సంఘం మొదటి నుంచీ పెట్టుకున్న నియమం.

క్లబ్బు గుమ్మం దగ్గర మొదలైన పోరాటం

1945 ఏప్రిల్. ఇండియానా రాష్ట్రంలోని ఫ్రీమన్ ఫీల్డ్ సైనిక స్థావరం. అక్కడ ఆఫీసర్ల క్లబ్బులు రెండు. పేరుకు ఒకటి శిక్షకులకు, ఒకటి శిక్షణ పొందేవాళ్లకు. అసలు సంగతి వేరు. ఒకటి తెల్లవాళ్లది, ఒకటి నల్లవాళ్లది. నల్లజాతి ఆఫీసర్లు గుంపులు గుంపులుగా, గొడవ చేయకుండా, తెల్లవాళ్ల క్లబ్బులోకి నడిచి వెళ్లారు. అరెస్టు చేశారు. తర్వాత ఈ విభజనను ఒప్పుకుంటున్నాం అని ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. 101 మంది పెట్టలేదు. యుద్ధకాలంలో పై అధికారి ఆజ్ఞ ధిక్కరిస్తే మరణశిక్ష దాకా వెళ్లొచ్చు. అది వాళ్లకు చదివి వినిపించారు కూడా. అయినా పెట్టలేదు.

చివరికి ముగ్గురిని కోర్టు మార్షల్ చేశారు. ఇద్దరు బయటపడ్డారు. రోజర్ టెర్రీ అనే యువ అధికారికి మాత్రం, దారికి అడ్డొచ్చిన అధికారిని తోశాడని 150 డాలర్ల జరిమానా వేశారు. మిగతావాళ్ల సర్వీసు ఫైళ్లలో మందలింపు లేఖలు పెట్టారు. ఆ కాగితాలు దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయాయి.

మూడేళ్ల తర్వాత, 1948 జులై 26న అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో జాతి వివక్ష తొలగించే ఆదేశం మీద సంతకం చేశారు. ఆ ఆదేశం వెనకున్న కారణాల్లో ఫ్రీమన్ ఫీల్డ్ గుమ్మం కూడా ఒకటని చరిత్రకారులు చెబుతారు.

సంఘం ఎందుకు పెట్టుకున్నారు?

యుద్ధం అయిపోయింది. యూనిఫాం విప్పి ఇంటికొచ్చిన ఈ పైలట్లకు విమానయాన కంపెనీలు ఉద్యోగాలివ్వలేదు. బడి పుస్తకాల్లో వాళ్ల పేరు లేదు. వాళ్ల పిల్లలకే నాన్న ఏం చేశాడో సరిగ్గా తెలియదు. నేను యుద్ధంలో విమానం నడిపాను అంటే నమ్మనివాళ్లే ఎక్కువ.

ఈ పరిస్థితిలో 1972లో డెట్రాయిట్ నగరంలో పాత మిత్రులు కలిసి దేశవ్యాప్త సంఘంగా ఏర్పడ్డారు. ఊరూరా శాఖలు, ఏటా ఒక మహాసభ, సభ్యులు ఎన్నుకునే జాతీయ అధ్యక్షుడు, కార్యవర్గం. పనులు మూడు రకాలు. జరిగిన చరిత్రను భద్రపరచడం ఒకటి. బడులకు వెళ్లి పిల్లలకు చెప్పడం, విమానయానం వైపు వాళ్లను తీసుకురావడం రెండోది. చదువుకు స్కాలర్‌షిప్‌లివ్వడం మూడోది.

సంఘం ఉంటే ఏమవుతుందో 1995లో కనిపించింది. ఆ ఏడాది ఆగస్టులో జరిగిన మహాసభ వేదిక మీదే ఎయిర్‌ఫోర్స్ ఉన్నతాధికారి ఒకరు ప్రకటన చేశారు. ఫ్రీమన్ ఫీల్డ్ ఆఫీసర్ల ఫైళ్లలోని మందలింపు లేఖలు తీసేస్తున్నాం, రోజర్ టెర్రీ మీద వేసిన శిక్షను రద్దు చేస్తున్నాం అని. యాభై ఏళ్ల మచ్చ పోయింది. ఇళ్లల్లో ఒక్కొక్కరుగా కూర్చున్న ముసలివాళ్లకు ఇది సాధ్యమయ్యేది కాదు. అడిగే గొంతు ఒకటి, ఆగకుండా అడిగే ఏర్పాటు ఒకటి ఉండబట్టే అయింది.

2007 మార్చి 29న అమెరికా పార్లమెంటు ఇచ్చే అత్యున్నత పౌర గౌరవం, కాంగ్రెషనల్ గోల్డ్ మెడల్, వీళ్లందరికీ కలిపి ఇచ్చారు. దాదాపు 300 మంది వృద్ధులు వాషింగ్టన్ వచ్చారు. కొందరు చక్రాల కుర్చీల్లో, కొందరు చేతికర్రలతో. అధ్యక్షుడు బుష్ వాళ్లకు సెల్యూట్ చేశారు. అన్నేళ్లుగా వాళ్లకు అందని సెల్యూట్‌లకు బదులుగా అన్నట్టు.

పగ్గాలు మారినప్పుడు

మొదట్లో అధ్యక్ష పదవిలో కూర్చున్నవాళ్లు ఆ చరిత్రను స్వయంగా చూసినవాళ్లు. ఉదాహరణకు చార్లెస్ మెక్‌గీ. రెండో ప్రపంచ యుద్ధం, కొరియా, వియత్నాం.. మూడు యుద్ధాల్లో కలిపి 409 సార్లు యుద్ధానికి ఎగిరిన పైలట్. ఆయన సంఘానికి జాతీయ అధ్యక్షుడిగా పనిచేశారు. ఆయన మాట్లాడితే సాక్ష్యం వేరే అక్కర్లేదు, మనిషే సాక్ష్యం. 2022 జనవరిలో, 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

తర్వాతి తరం నాయకులు వేరు. అమెరికా నేషనల్ గార్డ్ బ్యూరోకు అధిపతి అయిన తొలి నల్లజాతి అధికారి లెఫ్టినెంట్ జనరల్ రసెల్ డేవిస్ తర్వాత ఈ సంఘానికి అధ్యక్షులయ్యారు. ఎంత పెద్ద హోదా ఉన్నా, టస్కిగీ యుద్ధకాలం నాటికి ఆయన చిన్నపిల్లవాడు. బుజుర్గులు తెరిచిన దారిలో నడిచి పైకొచ్చిన తరం అది. అధ్యక్షుడే కాదు, ఇప్పుడు శాఖల్లో కనిపించే సభ్యుల్లో ఎక్కువమంది ఆ వైమానికుల కొడుకులు, కూతుళ్లు, మనవలు, రిటైర్డ్ సైనికులు, ఆ చరిత్ర మీద గౌరవంతో చేరినవాళ్లు.

మన ఊళ్లో మస్జిద్ కమిటీకి కొత్త సదర్ వచ్చినప్పుడు ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. తాళాలు, లెక్కల పుస్తకం, ఆస్తి కాగితాలు చేతిలో పెడతారు. అవి సొంతం కావు, అమానత్. తర్వాత వచ్చేవాడికి సరిగ్గా అప్పజెప్పాలి. టస్కిగీ సంఘంలో పగ్గాలు మారడమూ అలాంటిదే. తేడా ఒక్కటే, అక్కడ అప్పజెప్పేది ఒక తరం జ్ఞాపకం.

ఆ అమానత్‌లో రోజువారీ పని చాలానే ఉంటుంది. ఎవరు అసలైన టస్కిగీ వైమానికులో తేల్చడం అందులో ఒకటి. పేరు ప్రతిష్ఠలు వచ్చాక మా తాత కూడా అందులో ఉన్నాడు అనేవాళ్లు వస్తారు. కొందరి మాట నిజం, కొందరిది ఇంట్లో చెప్పుకున్న కథ. అందుకే సర్వీసు కాగితాలు చూసి నిర్ధారించిన వాళ్లను సంఘం విడిగా ఒక వర్గంగా గుర్తిస్తుంది. కొన్ని కుటుంబాలకు తమ తాత మెకానిక్‌గా అక్కడ పనిచేశాడన్న సంగతి ఆయన పోయాక, పెట్టెలో దొరికిన కాగితాల వల్లే తెలుస్తుంది.

గొప్పగా చెప్పుకోవాలా, నిజం చెప్పుకోవాలా?

కొత్త నాయకత్వానికి అసలు పరీక్ష బయటి నుంచి కాదు, లోపలి నుంచి వచ్చింది. దశాబ్దాలుగా ఒక మాట ప్రచారంలో ఉంది. టస్కిగీ పైలట్లు కాపలా కాసిన బాంబర్లలో ఒక్కటి కూడా శత్రు విమానాల చేతిలో కూలలేదు అని. 1945 మార్చిలో ఒక నల్లజాతి పత్రిక రాసిన వార్తతో మొదలైన ఆ మాట పుస్తకాల్లోకి, సినిమాల్లోకి, ఉపన్యాసాల్లోకి పాకింది. ఎవరు ప్రశ్నిస్తారు? వినడానికి ఎంత బాగుంది!

2006 డిసెంబర్‌లో ఆ మాట నిజం కాదని బయటపెట్టినవాళ్లలో ఒకరు సంఘం చరిత్రకారుడే, విలియం హోల్టన్. యుద్ధకాలపు రికార్డులు తిరగేస్తే కాపలాలో ఉండగానే కూలిన బాంబర్లు కనిపించాయి. తర్వాత ఎయిర్‌ఫోర్స్ చరిత్రకారుడు డేనియల్ హాల్‌మన్ ఒక్కో రోజు నివేదికను ఒక్కో నష్టం వివరాలతో పోల్చి లెక్క తేల్చారు. మొత్తం 27 బాంబర్లు.

ముసలి పైలట్లలో కొందరికి ఇది చాలా కష్టంగా అనిపించింది. మాకు ఆలస్యంగా దక్కిన ఒక్క గౌరవాన్నీ లాక్కుంటారా అన్నట్టు. కానీ అదే పరిశోధనలో ఇంకో లెక్క కూడా ఉంది. అదే వైమానిక దళంలో ఇదే కాపలా పని చేసిన మిగతా ఫైటర్ గ్రూపులు సగటున 46 బాంబర్లను కోల్పోయాయి. అంటే వీళ్లు కోల్పోయినవి చాలా తక్కువ. ఒక్కటి కూడా పోలేదు అన్నది కథ. మిగతావాళ్లకంటే బాగా కాపాడారు అన్నది రుజువున్న నిజం. కథను ఎవరైనా ఒక్క కాగితంతో కూల్చేయగలరు. నిజాన్ని కూల్చలేరు.

చరిత్రను చెరిపేసేవాళ్లు ఉన్నప్పుడు ఇది మరీ ముఖ్యం. అవతలివాళ్లు ఒక తప్పు పట్టుకుంటే చాలు, మిగతాదంతా అబద్ధమే అంటారు. అందుకే తమవాళ్ల గొప్పను కూడా తూకం వేసి చెప్పే ధైర్యం నాయకత్వానికి కావాలి. బయటివాళ్లతో పోరాడటం సులువు. ఇంట్లో పెద్దవాళ్లకు, వాళ్ల మర్యాద తగ్గకుండా, ఈ మాట సరిగ్గా లేదు అని చెప్పడమే కష్టం.

‘తెలియదు’ అని రాసిన గెలుపు

దీనికి వ్యతిరేక ఉదాహరణ కూడా ఉంది. 1949లో లాస్ వేగస్ దగ్గర అమెరికా ఎయిర్‌ఫోర్స్ తొలిసారి దేశవ్యాప్త గన్నరీ పోటీ పెట్టింది. ఎవరి గురి బాగుందో తేల్చే పోటీ. ప్రొపెల్లర్ విమానాల విభాగంలో గెలిచింది టస్కిగీ పైలట్ల జట్టు. ట్రోఫీ చేతికిచ్చి ఫొటో తీశారు. అంతే, ఆ తర్వాత ట్రోఫీ కనిపించలేదు. ఏటా విజేతల జాబితా అచ్చువేసే పత్రికలో 1949 విజేత ఎదురుగా ‘తెలియదు’ అని చాలా ఏళ్ల పాటు రాస్తూ వచ్చారు.

వెతికే మనుషులు ఉండబట్టి 1990లలో ఆ పదం మారింది, తర్వాత ట్రోఫీ కూడా ఒహాయోలోని ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం గోదాములో దొరికింది. ఆ జట్టులోని హ్యారీ స్టీవర్ట్ 2025 ఫిబ్రవరిలో, వందేళ్ల వయసులో చనిపోయారు. తన గెలుపు పక్కన తన పేరు చూసుకోవడానికి ఆయనకు నలభై ఏళ్లకు పైగా పట్టింది.

హైదరాబాద్ పేరు కూడా ఆకాశంలో ఉంది

ఇది అమెరికా కథే. కానీ వెతికేవాళ్లు లేకపోతే ఏమవుతుందన్న ప్రశ్న హైదరాబాద్‌కూ వర్తిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1918లో, నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన విమానాలతో బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌ను సిద్ధం చేశారు. దాని పేరులోనే హైదరాబాద్ ఉంది. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కూ హైదరాబాద్ పేరే. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. ఆ స్క్వాడ్రన్ బర్మా రంగంలో పోరాడింది. ఈ సంగతి నగరంలో ఎంతమంది పిల్లలకు తెలుసు?

టస్కిగీలో మొదటి ఐదుగురు పైలట్లయిన 1942లోనే, నిజాం కాలేజీలో చదివిన హైదరాబాద్ కుర్రాడు ఇద్రీస్ హసన్ లతీఫ్ భారత వైమానిక దళంలో అధికారిగా చేరారు. బర్మా రంగంలో యుద్ధానికి ఎగిరారు. 1947లో తోటి ముస్లిం అధికారులు పాకిస్థాన్‌కు రమ్మన్నా ఆయన వెళ్లలేదు. 1978 నుంచి 1981 వరకు భారత వైమానిక దళానికి అధిపతిగా ఉన్నారు. ఆ పదవిలో కూర్చున్న తొలి ముస్లిం ఆయనే. 2018లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. ఆయన పేరు రికార్డుల్లో నిలిచింది, అధిపతి అయ్యారు కాబట్టి. ఆ రోజుల్లో విమానాలకు నట్లు బిగించిన, వైర్‌లెస్ చూసుకున్న, పెట్రోలు నింపిన సాదాసీదా కుటుంబాల మనుషుల పేర్లు మాత్రం పాత ట్రంకు పెట్టెల్లోనే ఉండిపోతాయి, ఎవరూ తెరిచి చూడకపోతే.

చివరికి మిగిలేది

టస్కిగీ సంఘంలో రేపు అధ్యక్షుడయ్యే మనిషికి ఆ యుద్ధం చూసిన పెద్దవాళ్ల సలహా అడిగే అవకాశం ఇక దాదాపు ఉండదు. మెక్‌గీ లేరు, స్టీవర్ట్ లేరు. ఉన్నది వాళ్లు వదిలి వెళ్లిన కాగితాలు, రికార్డు చేసిన మాటలు, ఫొటోలు, కొన్ని పతకాలు. వాటిని ఎవరైనా చెరిపేయబోతే అడ్డుపడాలి. తమవాళ్లే వాటికి రంగులు అద్దబోతే అక్కడా అడ్డుపడాలి. ఈ రెండు పనుల్లో ఏది వదిలేసినా అమానత్ చెడిపోయినట్టే.

శాన్ ఆంటోనియో తరగతి గదిలో ఆ వీడియోలు మళ్లీ మొదలైనప్పుడు చూసిన కుర్రాళ్లలో చాలామందికి మధ్యలో అవి ఆగిపోయిన సంగతే తెలిసి ఉండదు. వాళ్లకు అది ఎప్పటిలాగే ఇంకో పాఠం. అలా అనిపించడమే సంఘం చేసిన పనికి ఫలితం.